పన్నెండు పక్కన ప్లస్

మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు మా నాయన తన ఫోన్ నా చేతిలో పెట్టి, "ఈడ పన్నెండు అని రాసి పక్కన కూడిక గుర్తు పెట్టినారు. పన్నెండుకు ఏం కూడల్లరా?" అని అడిగాడు.

ఆయనకు అంకెలు బాగా వచ్చు. చెనక్కాయ మూటల లెక్క, కూలీల లెక్క, వడ్డీ లెక్క నోటితోనే కట్టేస్తాడు. తెలుగు పేపరు చదువుతాడు. ఇంగ్లీషు రాదు. ఆ ఫోన్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది, దాన్ని అట్లా పెట్టింది మా అక్క కొడుకు కాబట్టి. అక్క బెంగళూరులో గార్మెంట్స్‌కి పోతుంది, బావ క్యాబ్ నడుపుతాడు. చిన్నోడు కల్యాణదుర్గం పక్క మా పల్లెలో అవ్వాతాతల దగ్గర ఉండి ఆరో తరగతి చదువుతున్నాడు. మా ఊళ్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. అదీ పడాల్సినప్పుడు పడదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లంతా బెంగళూరుకో కేరళకో పోతారు. ఊళ్లో మిగిలేది ముసలోళ్లు, పిల్లలు, ఇంటికొక స్మార్ట్‌ఫోన్.

జరిగిందేమిటంటే, నాయన బ్యాంకుకు పోయి పాసుబుక్కులో ఎంట్రీ వేయించుకుంటే 4,300 రూపాయలు తక్కువ కనిపించాయి. ఒక్కసారిగా పోలేదు. 29, 79, 159 అంటూ చిల్లరగా రెండు నెలల పాటు కారిపోయాయి. ఆట పేరు చెప్పను. తుపాకీ పట్టుకుని దీవిలో తిరిగే బొమ్మకు మా చిన్నోడు రంగురంగుల చొక్కాలు కొన్నాడు. వాడికి పదకొండేళ్లు. పిన్ నంబరు దొంగిలించాడని అనలేం. తాత బ్యాలెన్స్ చూసుకోవాలన్నా, ఎరువుల అంగడికి డబ్బు వేయాలన్నా నొక్కేది వాడే. ఇంటికి వాడే క్యాషియరు.

"పన్నెండేళ్లు దాటినోళ్లు ఆడుకోవచ్చు అని రాసినారు నాయనా," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "అంటే వచ్చే ఏడు దుడ్లు పోయినా తప్పు లేదా?" అన్నాడు.

నేను పదమూడేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. తిరిగొచ్చాక, అసలు ఈ వయసు ముద్ర ఎక్కడ పుట్టింది, ఎవరు చదవాలని కొట్టారు అని వెతుక్కుంటూ పోయాను. పోనుపోను అది నేను అనుకున్నంత చిన్న కథ కాదని తేలింది.

ముద్రలు లేని కాలం నుంచి మొదలుపెడతాను. ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. విరాటపర్వం చదివితే, ఆడిస్తే వాన పడుతుందని మన దగ్గర పాత నమ్మకం. కరువొచ్చిన ఏడు ఊళ్లు చందాలు వేసుకుని మేళాన్ని పిలిపించేవి. తెర కట్టి, దీపం పెట్టి, రాత్రంతా ఆట. అందులో కీచకుణ్ణి భీముడు ముద్ద చేసి పడేస్తాడు. ఆ కథకు మధ్యమధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి మాట్లాడే మాటలుంటాయి. వాటిని ఇక్కడ రాస్తే ఈ పత్రిక సంపాదకులు నాకు ఫోన్ చేస్తారు. ముందు వరుసలో నేలమీద కూర్చునేది పిల్లలే. బంగారక్క తెరమీదికి వచ్చిందంటే మా అమ్మమ్మ తన కొంగు తీసి మా అమ్మ మొహం మీద కప్పేదట. "కొంగు పల్చన గదా, అంతా కనపడేది," అంటుంది అమ్మ, ఇప్పటికీ నవ్వుతూ.

ఆ కొంగును నేను తేలిగ్గా తీసుకోను. దానివల్ల పిల్ల చూడకుండా ఆగిపోలేదు సరే. కానీ ఇది నీది కాదు, నేను ఇక్కడే ఉన్నాను అనే రెండు మాటలూ ఆ పిల్లకు అందాయి. బొమ్మ, పిల్ల, పెద్దమనిషి ముగ్గురూ ఒకే చోట ఉన్నారు. ఆ తర్వాతి వందేళ్ల చరిత్రంతా ఈ మూడోమనిషిని ఎక్కడ నిలబెట్టాలి అన్న తర్జనభర్జనే అని నాకనిపిస్తుంది.

సినిమా వచ్చాక ఆ మనిషి ఊళ్లోంచి పోయి మద్రాసులో కూర్చున్నాడు. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1920లో మద్రాసు, బొంబాయి, కలకత్తా, రంగూన్ నగరాల్లో సెన్సార్ బోర్డులు పెట్టారు. అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి మన డేరా సినిమాల్లో ఏ బొమ్మ ఆడాలో తేల్చేది మద్రాసు బోర్డే. దానికి పెద్ద ఎవరయ్యా అంటే, పోలీసు కమిషనర్. (ఈ పోలీసు కమిషనర్‌ను గుర్తుపెట్టుకోండి, తొంభై తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ వస్తాడు.) ఆయనకు పిల్లల గోల పెద్దగా పట్టలేదు. దొరల పరువు, దొరతనం మీద తిరుగుబాటు, ఇవీ ఆయన బెంగలు. బొమ్మ ఆడొచ్చు, లేదా ఆడకూడదు. చూసేవాడి వయసు అనే ప్రశ్న అప్పటికి లేదు.

ఆ ప్రశ్న 1949లో వచ్చింది. చట్టాన్ని సవరించి సినిమాలకు ‘యూ’, ‘ఏ’ అని రెండు అక్షరాలు పెట్టారు. ‘ఏ’ అంటే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను లోపలికి పంపకూడదు, పంపితే హాలువాడిది నేరం. 1952 చట్టంలోనూ అదే కొనసాగింది. ఆ అక్షరానికి ఎంత బరువుందంటే, నాలుగు మహానగరాల మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి ‘ఏ’ ఇస్తామన్నందుకు కె.ఎ.అబ్బాస్ సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1970లో కోర్టు సినిమాకు ముందస్తు సెన్సార్ రాజ్యాంగబద్ధమే అంది. సినిమా మనిషిని మిగతా కళలకన్నా గట్టిగా కుదుపుతుంది కాబట్టి దాన్ని వేరుగా చూడొచ్చన్నది ఆ తీర్పులోని తర్కం. నలభై ఏళ్ల తర్వాత ఇదే తర్కం వీడియోగేముల మీద అమెరికా కోర్టులో ఓడిపోయింది. దాని దగ్గరికి వస్తాను.

ఇంతకీ ఆ సర్టిఫికెట్‌ను మావాళ్లు చదివేవాళ్లా అంటే, చాలా శ్రద్ధగా చదివేవాళ్లు. తెరమీద ఆ కాయితం పడగానే హాలంతా ఒక క్షణం గమ్మునైపోయేది. వెంటనే బెంచీల్లోంచి ఎవడో ఒకడు "పదహారు రీళ్లు!" అని అరిచేవాడు, ఈలలు పడేవి. టికెట్టు డబ్బుకు ఎంత సినిమా వస్తుందో చెప్పే కాయితం అది. అక్షరాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు నాకు గుర్తులేదు. 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పుడు నాకు పదేళ్లు. నాయన భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. మా సీమలో కొడవళ్లు ఎట్లా లేస్తాయో హైదరాబాదువాళ్లు తీసి చూపిస్తే, సీమలో కూర్చుని మేం నోరు తెరుచుకుని చూశాం. అక్షరాన్ని చదివింది ఒక్కరే, మార్నింగ్ షో మలయాళం డబ్బింగు పోస్టర్ల మీద గుండ్రంలో పెద్దగా అచ్చేసిన ‘ఏ’ చూసి ఆగే ఇంటర్మీడియట్ పిల్లలు. వాళ్లకు అది హెచ్చరికగా పనిచేయలేదు, చిరునామాగా పనిచేసింది.

అట్లాగని ఆ అక్షరం ఉత్తదే అని తీసిపారేయను. గేటు దగ్గర టికెట్టు చించే మనిషి ఉన్నాడు. అతను మీసం చూసి, యూనిఫాం చూసి, ఎవరి కొడుకో గుర్తుపట్టి వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. నన్నూ పంపాడు. అతను పంపగలిగిందల్లా చట్టం తనకు చేతికిచ్చిన ఆ అక్షరం వల్లే.

1983లో బోర్డు పేరులో ‘సెన్సార్’ పోయి ‘సర్టిఫికేషన్’ వచ్చింది. ‘యూ/ఏ’ అనే మూడో ముద్ర కూడా అప్పుడే పుట్టింది. పన్నెండేళ్లలోపు పిల్లలైతే పెద్దలు చూసుకోండి అని దాని అర్థం. గేటు మనిషి బాధ్యతలో సగం పెద్దల మీదికి జరిగింది. 2023లో చట్టాన్ని మళ్లీ సవరించి యూ/ఏని 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు. ఆ సవరణలో ఒక మాట చూసి నేను ఆగిపోయాను. ఈ వయసు సూచన తల్లిదండ్రులు, సంరక్షకులు ఆలోచించుకోవడానికి మాత్రమే, ఇంకెవరూ దాన్ని అమలు చేయనక్కర్లేదు అన్నది దాని సారం. అంటే ఏడేళ్ల పిల్లను 16+ సినిమాకు తీసుకుపోతే హాలువాడు ఆపలేడు. 1920లో పోలీసు కమిషనర్ దగ్గర మొదలైన పని హాలు గేటు మీదుగా దిగుతూ దిగుతూ వచ్చి నట్టింట్లో కూర్చుంది. స్వేచ్ఛ కోణంలో చూస్తే మంచిదే. నా బిడ్డ ఏం చూడాలో నేను తేల్చుకోవాలి గానీ పోలీసెవరు? కానీ నట్టింట్లో ఎవరున్నారో ఆ చట్టం రాసినవాళ్లు ఊహించుకున్నట్టు లేదు. ఇంగ్లీషు చదవగల, సాయంత్రం ఇంట్లో ఉండగల, తన పేరుమీద ఫోనున్న అమ్మో నాన్నో వాళ్ల మనసులో ఉండి ఉంటారు.

ముద్ర గురించి మా జిల్లావాడిగా ఇంకో సంగతి చెప్పి ముందుకు పోతాను. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ ఆఫీసు దగ్గర పరిటాల రవిని చంపారు. నాకు పదహారేళ్లు. బస్సులు తగలబడ్డాయి, బడులు మూతబడ్డాయి, మా వీధిలో మూడురోజులు తలుపులు తీయలేదు. ఎవరు ఎవరిని ఎందుకు చంపారో రెండు తరాల వరసతో సహా మా క్లాసులో ప్రతివాడికీ తెలుసు. 2010లో రామ్‌గోపాల్‌వర్మ ఆ కథను ‘రక్తచరిత్ర’గా తీస్తే దానికి పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంజనీరింగ్ ఆఖరేడులో మేమంతా పోయి చూశాం. మా ఊరి పదేళ్లవాడు అమ్మ ఒడిలో విన్న కథకు పద్దెనిమిదేళ్ల గేటు! సెన్సార్‌వాళ్లు తప్పు చేశారని నేననడం లేదు. రక్తం తెరమీద అంత దగ్గరగా చూపించడం వేరు, వినడం వేరు. కాకపోతే ముద్ర కొట్టేవాడికి తెలిసేది బొమ్మ మాత్రమే. చూసే పిల్లవాడు ఏ ఊరివాడో, అప్పటికే ఏం చూసేశాడో తెలియదు.

ఇక ఆటల సంగతి. కల్యాణదుర్గంలో నా చిన్నప్పుడు టీవీకి తగిలించే క్యాసెట్ గేములుండేవి. గంటకు ఐదు రూపాయలిచ్చి కాంట్రా, మారియో ఆడేవాళ్లం. తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. తొమ్మిది, పది తరగతుల్లో నేను గంటలు గంటలు ‘వైస్ సిటీ’ ఆడాను. కార్లు దొంగిలించడం, దారినపోయేవాణ్ణి బ్యాటుతో కొట్టడం, పోలీసుల్ని చంపడం. ఆ ఆట డబ్బా మీద పదిహేడేళ్లు దాటినవాళ్లకే అని చెప్పే ‘ఎమ్’ అక్షరం ఉంటుందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాక. మేం ఆడింది పది గేములు కలిపి కాపీ కొట్టిన సీడీ. దాని మీద మార్కర్‌తో రాసిన పేరు తప్ప ఏమీ ఉండదు. రేటింగ్ అనేది డబ్బా మీద ఉండేది, మా దాకా డబ్బా ఎప్పుడూ రాలేదు.

అయినా గేటు ఉంది. నెట్ సెంటర్ అన్న ఒక నియమం పెట్టుకున్నాడు, సాయంత్రం నాలుగున్నరలోపు యూనిఫాంలో వచ్చినవాడికి సిస్టం ఇవ్వడు. "మీ నాయన నాకు తెలుసు" అనే ఒక్కమాటతో మమ్మల్ని లేపి పంపేవాడు. ఏ ఆట ఆడుతున్నామో అతనికి పట్టదు. ఎంతసేపు, ఏ వేళప్పుడు, ఎవరి డబ్బుతో, ఈ మూడే చూసేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే, మా నాయన అడిగినవీ ఆ మూడే.

ఆ ‘ఎమ్’ అక్షరం పుట్టుక అమెరికాలో. 1993లో ‘మోర్టల్ కాంబాట్’ ఇళ్లలోకి వచ్చింది, ప్రత్యర్థి గుండెను పీకి చేత్తో పట్టుకునే ఆట. ఆ డిసెంబరులో సెనెటర్లు లీబర్‌మన్, కోల్ విచారణ పెట్టారు. మీరే ఒక పద్ధతి పెట్టుకోకపోతే మేం చట్టం చేస్తామని కంపెనీలను బెదిరించారు. భయపడ్డ కంపెనీలు 1994లో ఈఎస్‌ఆర్‌బి అనే రేటింగ్ సంస్థ పెట్టుకున్నాయి. యూరప్‌లో పెగి 2003లో వచ్చింది. కాబట్టి వయసు ముద్రకు మొదటి చదువరి తల్లీ కాదు, తండ్రీ కాదు, సెనెటర్. ఇది వాళ్లు దాచుకున్న రహస్యమేమీ కాదు. మంచి పని భయంతో మొదలైతే నాకేం అభ్యంతరం లేదు.

పైగా అక్కడ అది పనిచేసింది కూడా. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లల్ని ఒంటరిగా దుకాణాలకు పంపి ‘ఎమ్’ ఆటలు కొనగలరేమో పరీక్షించేది. 2000లో అట్లా పోయినవాళ్లలో 85 శాతం మందికి అమ్మేశారు. 2010 నాటికి అది 13 శాతానికి పడింది. పదేళ్లలో అంత తేడా! ఆ అక్షరం మారలేదు, మారింది కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి. కంపెనీలు దుకాణాల్ని వెంటపడి నియమం పాటించేలా చేశాయి. కాలిఫోర్నియా ఏకంగా చట్టమే చేస్తే, 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో కొట్టేసింది. జస్టిస్ స్కాలియా పిల్లల కథల్లో హింస ఎప్పటినుంచో ఉందని గుర్తుచేస్తూ గ్రిమ్ సోదరుల కథల్లో మంత్రగత్తెను పొయ్యిలో తోసే పిల్లల్ని ప్రస్తావించాడు. మన కీచకుడు ఆయనకు తెలిసుంటే ఇంకో పేరా రాసేవాడు. రేటింగ్ పద్ధతి దుకాణాల్లో బాగానే నడుస్తోంది కదా, చట్టం దేనికి అన్నది కూడా ఆ తీర్పులో ఒక వాదన.

తర్వాత దుకాణం పోయింది. ఆట గాల్లోంచి ఫోన్‌లోకి దిగడం మొదలైంది. రోజుకు వేలకొద్దీ యాప్‌లు వస్తుంటే కూర్చుని చూసి ముద్ర కొట్టే ఓపిక ఏ బోర్డుకూ లేదు. అందుకని రేటింగ్ సంస్థలు కలిసి 2013లో ఐఏఆర్‌సి అని ఒక ఉమ్మడి ఏర్పాటు చేసుకున్నాయి. 2015లో గూగుల్ ప్లే దాన్ని తీసుకుంది. ఆట తయారుచేసినవాడే ఒక ప్రశ్నాపత్రం నింపుతాడు, జవాబుల్ని బట్టి యంత్రం ఒక్కో దేశానికి ఒక్కో రేటింగ్ ఇస్తుంది. అమెరికా, యూరప్, జర్మనీ, బ్రెజిల్, ఆస్ట్రేలియా, కొరియా సంస్థలకు అందులో వాటా ఉంది. మనకు అలాంటి సంస్థే లేదు. సంస్థ లేని దేశాలకు ఒక సాధారణ అంకె ఇస్తారు, 3+, 7+, 12+, 16+, 18+. మా నాయన చూసిన కూడిక గుర్తు అక్కడిది.

ఆ ప్రశ్నాపత్రాన్ని నేను నింపాను. కొన్నేళ్ల కింద ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నప్పుడు, ఒక పజిల్ ఆటను స్టోర్‌లో పెట్టే పని నాకు పడింది. అర్ధరాత్రి పదకొండున్నర. హింస ఉందా, రక్తం ఉందా, నగ్నత్వం ఉందా, బూతులున్నాయా, మత్తుపదార్థాలున్నాయా, జూదం ఉందా. లేదు, లేదు, లేదు. ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరా, లొకేషన్ పంచుకుంటారా, లోపల ఏమైనా కొనుక్కోవచ్చా అనీ అడుగుతుంది. అవును అంటే పేజీలో అడుగున ఒక వాక్యం చేరుతుంది, మా అంకె మాత్రం కదల్లేదు. పది నిమిషాల్లో అయిపోయింది. మెయిల్ వచ్చింది, 3+. ఆ ఆటలో ‘ప్రాణాలు’ అయిపోతే అరగంట ఆగాలి, లేదా పది రూపాయలివ్వాలి. అరగంట అనేది మేం బాగా ఆలోచించి పెట్టిన అంకె. పిల్లవాడు ఆగలేనంత ఎక్కువ, వదిలేసి పోయేంత ఎక్కువ కాదు. ఆ అంకె గురించి నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ రాత్రి నేను అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు.

అడగడం అసాధ్యమేమీ కాదు. ఈఎస్‌ఆర్‌బి 2018లో ‘లోపల కొనుగోళ్లున్నాయి’ అనే మాటను డబ్బా మీద చేర్చింది, అంకె ఎప్పటిదే. జర్మనీ ఇంకో అడుగు వేసింది. అక్కడి రేటింగ్ సంస్థ యూఎస్‌కే 2023 నుంచి డబ్బు గుంజే తీరును, ఆడుతూనే ఉండమని పెట్టే ఒత్తిడిని కూడా వయసు లెక్కలో కలుపుతోంది. అంతకుముందు ఏ వయసువాళ్లయినా ఆడొచ్చన్న ఫుట్‌బాల్ ఆట కొత్త లెక్కలో 12కి ఎక్కింది. బంతాట అదే, రక్తమేమీ కొత్తగా చేరలేదు. మా నాయన ప్రశ్నకు జవాబుకు దగ్గరగా వచ్చినవాళ్లు ప్రపంచంలో నాకు వాళ్లే కనిపించారు.

మన దేశంలో ముద్ర లేదు కాబట్టి ఉన్నవి రెండే, వదిలేయడం, నిషేధించడం. 2019 మార్చిలో రాజ్‌కోట్‌లో పబ్‌జీని నిషేధిస్తూ పోలీసు కమిషనర్ ఉత్తర్వు ఇచ్చాడు. చెప్పాను కదా, వస్తాడని. ఫోన్‌లో ఆట ఆడినందుకు పదిమంది దాకా కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీతో సహా 118 యాప్‌లను తీసేసింది, అయితే చెప్పిన కారణం దేశభద్రత, డేటా. పిల్లల ఊసు లేదు. అదే వారం ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ను నిషేధించాలని నిర్ణయించింది. 2021 జులైలో పబ్‌జీ బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. ఈసారి పద్దెనిమిది లోపువాళ్లు రోజుకు మూడు గంటలే ఆడాలి, పెద్దవాళ్ల ఫోన్ నంబరు ఇవ్వాలి అని నియమాలు పెట్టుకుంది. సమయాన్ని లెక్కలోకి తెచ్చారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ మా ఇంటి సంగతి చూడండి. పెద్దవాళ్ల నంబరు ఇవ్వమంటే, పిల్లవాడు పట్టుకున్నదే పెద్దవాళ్ల ఫోన్. ఓటీపీ వచ్చేదీ ఆ చేతిలోకే.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలు మొత్తం బంద్. రమ్మీలో మునిగినవాళ్లను మా మండలంలోనే ఎరుగుదును కాబట్టి నాకు సంతోషమే. కానీ చొక్కా కొనుక్కోవడం ఆ చట్టం కిందికి రాదు. అందులో గెలిచేదేమీ లేదు కదా, పోవడమే.

ఇంతకీ రేటింగ్ తల్లిదండ్రులకు పనికొస్తుందా అంటే, పనికొచ్చే ఇల్లు నేను చూశాను. మా టీమ్‌లో ఒకామెకు ఇద్దరు పిల్లలు. ఒక్కో పిల్లకు వాళ్ల పుట్టినతేదీతో వేరే ఖాతా తెరిచి, తన ఫోన్‌లోంచి తాళం వేసింది. 7+ దాటిన ఆట ఆ టాబ్‌లోకి దిగదు. అక్కడ అంకెను చదివేది ఆమె కూడా కాదు, ఫోనే. ఒకసారి నిర్ణయం తీసుకుని మర్చిపోవచ్చు. కంటెంట్ విషయంలో అది నిజంగా గేటే, రాజీపడని గేటు. ఆ గేటు నిలబడాలంటే ఇంట్లో రెండు ఫోన్లు, రెండు ఖాతాలు, ఒక ఇంగ్లీషు, ఒక ఆదివారం మధ్యాహ్నం కావాలి.

మా ఇంట్లో ఉన్నది ఒక ఫోన్, ఒక ఖాతా. సెట్టింగుల్లోకి పోయి చూశాను. ఖాతా నాయన పేరుమీదుంది, ఆధార్‌లో ఉన్న పుట్టినతేదీతో సహా. ఆ ఫోన్ లెక్కలో, రాత్రి పదింటికి దుప్పట్లో దూరి తుపాకీ ఆట ఆడుతూ చొక్కాలు కొంటున్నది అరవై నాలుగేళ్ల మనిషి. పన్నెండు ఏమిటి, ఏ ప్లస్సునైనా ఎప్పుడో దాటేశాడు.

ఉన్న నాలుగు రోజుల్లో చేయగలిగింది చేశాను. చిన్నోడి పేరుతో ఖాతా తెరిచాను, కొనుగోళ్లకు తాళం వేశాను, నాయన యూపీఐ పిన్ మార్చాను. వాడు ఏడవలేదు, అలిగాడు. రెండోరోజు రాత్రి మిద్దె మీద కూర్చుని, "మామా, నువ్వు కూడా ఆడు" అని ఫోన్ ఇచ్చాడు. ఒక నిమిషంలో చచ్చిపోయాను. నాయన మా వెనకాల మంచం మీద పడుకుని చూస్తున్నాడు. "ఎవరు కాల్చినార్రా వీన్ని?" "ఎవరో తాతా, బ్రెజిల్‌వాడంట." "వానికేం పోయేకాలం, మనవాన్ని కాల్చడానికి?" చిన్నోడు పగలబడి నవ్వాడు. తర్వాత నాయన గంటసేపు అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ అడిగాడు. ఆ చొక్కా ఎంత, దాంతో తూటా ఆగుతుందా, ఆగకపోతే మరి దేనికి? ఆ చివరి ప్రశ్నకు వాడి దగ్గర జవాబు లేదు. తర్వాతి రోజు మళ్లీ అడిగితే విసుక్కున్నాడు.

బెంగళూరుకు వచ్చిన రెండు వారాలకు నాయన ఫోన్ చేశాడు. ఎరువుల అంగడికి డబ్బు వేయాల్సి వచ్చిందట.

"కొత్త నంబరు చెప్పి పోయినావు గదా. నేను మర్చిపోయినా."

"మళ్లీ చెప్తాను, రాసుకో."

"వద్దులే," అన్నాడు. "మర్చిపోతానని ఆ పొద్దే చిన్నోని నోటు బుక్కులో రాపిచ్చి పెట్టినా. వాడే వేసినాడు."